రక్తం గడ్డకట్టింది కదా అని నిశ్చింతగా ఉండవచ్చునా?

ఊడ్పుల రోజులు వచ్చాయంటే నాకు ఒక ప్రశ్న జ్ఞాపకం వస్తుంది. అది ఏ వైద్యగ్రంథంలోనిదీ కాదు. బంటుమిల్లి కాలువ క్రింద నాలుగెకరాలు కౌలుకు చేసుకొనే ఒక రైతు భార్య నన్ను అడిగినది. "డాక్టరుగారూ, విషం విరిగిపోయిందన్నారు గదండీ! మరి ఈ వాపేమిటండీ?"

ఆమె భర్త రాత్రివేళ చేలోకి నీరు మళ్ళించడానికి వెళ్ళాడు. గట్టు మీద రక్తపింజర కరిచింది. కాటుకూ మొదటి సీసా మందుకూ మధ్య ఏడు గంటలు గడిచాయి. అందులో నాలుగు గంటలు పసరు దగ్గరా, మంత్రం దగ్గరా పోయినవే. మా వద్దకు వచ్చేసరికి చిగుళ్ళ వెంట రక్తం కారుతున్నది. గాజు గొట్టంలోకి తీసిన రక్తం ఇరవై నిమిషాలు గడిచినా నీళ్ళలాగానే ఉన్నది. విషవిరుగుడు మందు ఎక్కించాము. మరునాటి ఉదయానికి రక్తం చక్కగా గడ్డకట్టింది. నేను సంతోషంతో "ఇక విషం విరిగిందమ్మా" అన్నాను.

మూడవ నాటికి అతని ముఖం ఉబ్బింది. చెవుల క్రింద బుగ్గలు వాచాయి. కంటి తెల్లగుడ్డు పైపొర నీరు పట్టి పైకి తేలింది. రక్తపోటు పడిపోయింది. ఎంత సెలైను ఎక్కించినా అది నాళాలలో నిలవలేదు. ఒంట్లోకి దిగిపోయి వాపును పెంచింది. మూత్రం ఆగిపోయింది. నాలుగవ రోజున అతడు మరణించాడు. ఆమె ప్రశ్నకు నేను ఏదో చెప్పాను. అది సమాధానం కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు.

సమాధానం ఉన్నది. అది ఆస్పత్రులలో కంటె ముందు ప్రయోగశాలలలో, రక్తనాళాల లోపొర కణాల మీద జరిగిన పరిశోధనలలో దొరికింది. ఆ పరిశోధన మన గట్ల మీద తిరిగే పాముకు సంబంధించినదే అయినా, దాని సారం మన వైద్య విధానంలోకి రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ముందుగా ఆ పామును గురించి ఒక మాట. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు మన కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వర్ణించి, 1796లో గ్రంథం ప్రచురించాడు. అందులో ఆయన ఈ పామును మనవాళ్ళు పిలిచే పేరుతోనే నమోదు చేశాడు: కాటుక రేకుల పొడ. తరువాతి శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరే పెట్టారు. నేడు ప్రపంచమంతటా అది రస్సెల్స్ వైపర్. కట్లపాము జాతికి శాస్త్రంలో స్థిరపడిన 'బంగారస్' అనే పేరు కూడా మన 'బంగారు' నుండి పుట్టినదే. పేర్లు ఇచ్చినవాళ్ళం మనం. విషం మీద విజ్ఞానం మాత్రం తిరిగి మన గడపకు చేరడానికి రెండు శతాబ్దాలు చాలడం లేదు.

ఇక లోపొర సంగతి. మన ప్రతి రక్తనాళం లోపలి వైపున ఒకే ఒక కణం మందాన పరచుకొన్న పొర ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. నేను వైద్యకళాశాలలో చదివిన రోజులలో ఇది గోడకు వేసిన సున్నం వంటిదని, రక్తం జారిపోవడానికి నునుపునిచ్చే పూత మాత్రమేనని భావించేవారు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమని ముక్కల మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింతను వివరించాడు. లోపొర చెక్కు చెదరకుండా ఉన్న ముక్క ఎసిటైల్‌కోలిన్ తగలగానే సడలింది. లోపొర రాసుకొని ఊడిపోయిన ముక్క సడలలేదు. నాళానికి సడలుమని చెప్పేది ఆ పలుచని పూతేనని తేలింది. ఆ సందేశాన్ని మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అని తరువాత తెలిసింది. 1998లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. నాళంలోని నీరు నాళంలోనే నిలవాలన్నా, రక్తం అకారణంగా గడ్డకట్టకుండా ఉండాలన్నా, గాయమైనచోట గడ్డకట్టాలన్నా కాపలా కాసేది ఈ కణాలే. ఇవి కూర్చొనేది కొల్లాజెన్ మొదలైన పీచులతో అల్లిన అతి పలుచని ఆధారపు పొర మీద. చాప మీద కూర్చున్న మనుషులను ఊహించుకోండి. చాపను లాగివేస్తే ఏమవుతుంది? కథ అంతా ఇక్కడే ఉన్నది.

ఈ కణాలను శరీరం వెలుపల పెంచగలిగితే తప్ప వాటికి కలిగే హానిని దగ్గరగా చూడడం సాధ్యం కాదు. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ, ఆయన సహచరులు దానికి సులువైన మార్గం చూపారు. ప్రసవం తరువాత పారవేసే బొడ్డుతాడును తీసుకొన్నారు. అందులోని సిరలో కొల్లాజెనేస్ అనే ఎంజైమును నింపి వెచ్చగా ఉంచారు. నిమిషాల వ్యవధిలో లోపొర కణాలు ఆధారం వదలి తేలిపోయాయి. వాటిని గాజు పాత్రలో పోషక ద్రవంలో పెంచారు. నేటికీ ప్రపంచంలో లోపొర మీద జరిగే ప్రయోగాలలో అధికభాగం ఈ బొడ్డుతాడు కణాల మీదనే జరుగుతాయి. నా ఉద్యోగకాలంలో ఎన్ని వందల బొడ్డుతాళ్ళను బకెట్లో పడవేయించానో లెక్కలేదు. వాటిలో ఇంత విజ్ఞానం దాగి ఉన్నదని తెలియని రోజులవి.

పాఠకులు ఒక్క విషయం గమనించవలెను. జాఫీ వాడిన కొల్లాజెనేస్ ఒక సూక్ష్మజీవి నుండి తీసిన ఎంజైము. దాని పనిముట్టు జింకు అణువు. అది చేసే పని కొల్లాజెన్‌ను కత్తిరించడం. రక్తపింజర విషంలోనూ జింకుతో పనిచేసే ఇటువంటి ఎంజైములే ఉన్నాయి. వాటిని మెటాలోప్రోటీనేస్‌లు అంటారు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు బొడ్డుతాడులో కావాలని చేసే పనినే పింజర రైతు కాలిలో చేస్తుంది.

అయితే ప్రయోగశాలలో ఒక చిక్కు ఎదురయింది. నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసినది అదే. కోస్టారికా దేశంలోని క్లోడోమిరో పికాడో సంస్థలో హోసే మరియా గుటియెర్రెస్ బృందం అక్కడి పింజరజాతి పాముల విషం నుండి రక్తస్రావం కలిగించే ఎంజైములను వేరుచేసి పరిశీలించింది. చుంచెలుక కండరంలో ఆ ఎంజైమును ఎక్కిస్తే నిమిషాలలో కేశనాళికలు చిట్లి రక్తం బయటికి వచ్చింది. కాని అదే ఎంజైమును గాజు పాత్రలోని లోపొర కణాల మీద పోస్తే అవి అంత త్వరగా చావలేదు. పెద్ద మోతాదు పోసి గంటలకొద్దీ వేచి చూస్తే, ముందు పట్టు వదలి ఊడివచ్చి, ఆ తరువాత నశించాయి. శరీరంలో నిమిషాలు, పాత్రలో గంటలు! విషం కణాన్ని నేరుగా చంపుతున్నదని చెప్పడానికి వీలులేకపోయింది.

వారు ఆలోచించి ఇచ్చిన వివరణ ఇది. పాత్రలోని కణాలకు రక్తప్రవాహం లేదు, రక్తపోటు లేదు. శరీరంలో ఎంజైము ముందుగా కణాల క్రింది ఆధారపు పొరను, ముఖ్యంగా నాలుగవ రకం కొల్లాజెన్‌ను కత్తిరిస్తుంది. బలం తగ్గిన కేశనాళిక గోడను లోపలి రక్తపు ఒత్తిడే ఉబ్బిస్తుంది. కణాలు సాగి, పలుచబడి, చివరకు చిరుగుతాయి. గండి కొట్టేది విషం కాదు. విషం గట్టు మట్టిని పీచు పీచుగా సడలిస్తుంది. గండి కొట్టేది కాలువలోని మన నీరే. కృష్ణా కాలువల గట్లు చూసినవారికి ఈ మాట మరి వివరించనక్కరలేదు. గట్టు తెగిన తరువాత తూము మూసినంత మాత్రాన అప్పటికే చేలోకి పోయిన నీరు వెనుకకు రాదని కూడా వారికి తెలుసు.

దీనికి తోడు మరొకటి. రక్తపింజర విషంలో, మన శరీరంలోనే ఉండే ఒక పెరుగుదల కారకాన్ని పోలిన మాంసకృత్తు ఉన్నదని జపాన్ పరిశోధకులు చూపారు. మన శరీరంలోని ఆ కారకాన్ని మొదట కనుగొన్నదే నాళాలను కారేటట్లు చేసే పదార్థంగా. విషంలోని మాంసకృత్తు లోపొర కణాల మీది అదే గొళ్ళానికి తగులుకొని, కణాల మధ్య సందులను తెరుస్తుంది. అంటే విషం ఒకవంక క్రింది చాపను కోస్తూ, మరొకవంక ప్రక్కప్రక్కన కూర్చున్నవారు పట్టుకొన్న చేతులను విడదీస్తుంది. ఇక రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఉత్తినే రగిలించి ఖర్చుచేసివేసే పని వేరే ఎంజైములది. మనం ఇరవై నిమిషాల గాజు గొట్టం పరీక్షలో చూసేది ఈ మూడవ పనిని మాత్రమే.

(ఆ మూడవ పని చేసే ఎంజైమును వైద్యులు వదలలేదు. దానిని తగుపాళ్ళలో పలుచన చేసి, అకారణంగా గడ్డకట్టే కొన్ని రక్తవ్యాధులను గుర్తించే పరీక్షలో వాడుతున్నారు. మన పొడపాము విషం పెద్ద పెద్ద నగరాల ల్యాబొరేటరీలలో కొలబద్దగా కూర్చున్నది.)

ఇప్పుడు ఆ ఇల్లాలి ప్రశ్నకు రండి. మరునాటి ఉదయం అతని రక్తం గడ్డకట్టింది. అంటే తిరుగాడుతున్న విషాన్ని మందు పట్టుకొన్నది. కాలేయం కొత్తగా గడ్డకట్టే పదార్థాలను తయారుచేసింది. ఇంతవరకు నేను చెప్పినది నిజమే. కాని ఏడు గంటలపాటు కోతకు గురైన ఆధారపు పొరను విషవిరుగుడు తిరిగి అల్లదు. అల్లే గుణం దానికి లేదు. అది విషాన్ని పట్టే మందే గాని, నాళాన్ని కట్టే మందు కాదు. రక్తం బాగుపడింది, నాళం బాగుపడలేదు. నేను పరీక్షించినది రక్తాన్ని. అతడు చనిపోయినది నాళం వలన. ఈ నాళస్రావ లక్షణ సముదాయాన్ని కేరళలోను, తమిళనాడులోను వైద్యులు పలుమార్లు వర్ణించారు. చెవుల క్రింద వాపు, కంటి తెల్లపొర నీరు పట్టడం, రక్తపోటు జారడం, ద్రవం బయటికి కారిపోవడం వలన రక్తం చిక్కబడడం, రక్తంలో ఆల్బ్యుమిన్ తగ్గడం దాని గుర్తులు. విషవిరుగుడు పూర్తిగా ఇచ్చిన తరువాత కూడా ఇది ముదిరిన రోగులున్నారు.

డెంగీ వచ్చినప్పుడు మనవాళ్ళు ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం గంటగంటకు ఆరాటపడతారు. అనుభవజ్ఞులైన వైద్యులు మాత్రం రక్తం చిక్కదనాన్ని, అంటే హెమటోక్రిట్‌ను చూస్తారు. ఎందుకంటే డెంగీలో ప్రమాదం తెచ్చేది ప్రధానంగా నాళాలు కారడమే. ఆ పాఠం మనకు డెంగీ విషయంలో తలకెక్కింది. పింజర కాటు విషయంలో ఇంకా గాజు గొట్టం దగ్గరే ఆగిపోయాము. ఆ పరీక్షను నేను తక్కువ చేయడం లేదు. కరెంటు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చేయగల అమూల్యమైన పరీక్ష అది. దానిని రోగి కోలుకొన్నాడనడానికి ధ్రువపత్రంగా వాడడమే పొరపాటు. రక్తం గడ్డకట్టిన తరువాత కూడా రెండు మూడు రోజులు ఆరేసి గంటలకొకసారి హెమటోక్రిట్, రక్తపోటు, మూత్ర పరిమాణం చూడవలెను. హెమటోక్రిట్ పెరుగుతున్నదంటే, వాపు కనిపించక ముందే నాళాలు కారుతున్నాయని అర్థం.

ఇంతకంటె పెద్ద ఆక్షేపణ ఒకటి నాకున్నది. మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు శక్తిని ఎట్లా కొలుస్తారు? ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరిచివేయవలెనని ప్రమాణం. విషాన్ని, మందును ముందే గాజు గొట్టంలో కలిపి, ఆ మిశ్రమాన్ని చుంచెలుకలకు ఎక్కించి, ఎన్ని బ్రతికాయో లెక్కిస్తారు. ఈ పరీక్షలో మందు విషాన్ని నాళం చేరకముందే కలుసుకొంటుంది. బంటుమిల్లి రైతు విషయంలో అట్లా జరగదు. విషం ముందు పోతుంది, మందు గంటల తరువాత దాని వెంట పరుగెత్తుతుంది. పైగా బ్రతికిందా, చచ్చిందా అనే లెక్కలో నాళాలు ఎంత దెబ్బతిన్నాయన్నది రానేరాదు. ఈ మందు తయారీకి వాడే విషంలో అధికభాగం చెన్నై సమీపాన ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరించేదే. ఆ సంఘం 1978 నుండి చేస్తున్న సేవకు దేశం ఋణపడి ఉన్నది. కాని ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు మొదలైనవారు నిరూపించారు. మన డెల్టా పింజర విషంలో లోపొరను కోసే ఎంజైములు ఏ పాళ్ళలో ఉన్నాయో, చేతిలో ఉన్న మందు వాటిని ఎంతవరకు ఆపుతుందో కొలిచి చూడవలసిన అవసరం లేదా? దీనికి చుంచెలుకలు కూడా అక్కరలేదు. బొడ్డుతాడు కణాలు చాలు.

గుడివాడలో నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసిన నా మిత్రుడు ఈ వాదన విని నవ్వాడు. "ముందు ప్రతి పి.హెచ్.సి.లో పది సీసాల మందు ఉంచమను, తరువాత నీ కణాల సంగతి చూద్దాం" అన్నాడు. ఆయన మాటలో సగం ఒప్పుకొంటాను. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరణాలలో సుమారు సగం వర్షాకాలంలోనే. వీరిలో చాలామందికి లోపడినది పరిశోధన కాదు, దగ్గరలో మందు, వేళకు బండి. ఇది కాదనలేని మాట.

ఒప్పుకోని సగం ఏమంటే, వేళకు ఎందుకు రావాలో ప్రజలకు నమ్మకం కలిగేటట్లు చెప్పగలిగేది ఆ కణాల సంగతే. 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆస్పత్రికి రోగులు బారులు తీరినప్పుడు, దేవాదాయ శాఖ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం జరిపించింది. స్వామివారి మీద భక్తి ఉన్నవారిలో నేనూ ఒకడిని. యాగం భయాన్ని తగ్గిస్తే సంతోషమే. కాని భక్తికి వేళ ఎప్పుడైనా ఉంటుంది. ఆధారపు పొరకు ఉండదు. "మంత్రం వేయించుకొని వెళితే ఏం పోయింది, ఎట్లాగూ ఆస్పత్రికి వెళుతున్నాం గదా" అనేవారికి మనం ఇన్నాళ్ళు "మంత్రం అబద్ధం" అని చెప్పాము. అది వారి చెవికి ఎక్కలేదు. మందు విషాన్ని పట్టగలదు గాని కోసిన నాళాన్ని అతకలేదని, మంత్రం దగ్గర గడిచిన ప్రతి గంటలోనూ గట్టు కొంత కోసుకుపోతుందని చెబితే, వ్యవసాయం చేసేవాడికి అర్థమవుతుంది. నేను ఊళ్ళలో చెప్పి చూశాను. మంత్రగాడితో సహా అర్థం చేసుకొన్నారు.

ప్రయోగశాలను గుడ్డిగా నమ్మమని కూడా నేను చెప్పడం లేదు. జింకును లాగివేసే మందులు, మెటాలోప్రోటీనేస్‌లను బంధించే మారిమాస్టాట్ వంటి బిళ్ళలు పాత్రలలోను, చుంచెలుకలలోను ఆశ కలిగించాయి. విషంలోని మరొక రకం ఎంజైమును అడ్డే వారెస్‌ప్లాడిబ్ అనే బిళ్ళను మన దేశంలోను, అమెరికాలోను పాముకాటు రోగుల మీద పరీక్షించారు. ప్రధాన కొలమానంలో మొత్తం రోగులను లెక్కిస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. గుటియెర్రెస్ బృందానికి పాత్రకూ శరీరానికీ మధ్య కనిపించిన దూరం ఇక్కడా ఉన్నది. చేలోనే మ్రింగగల బిళ్ళ ఒకనాడు వస్తుందేమో. పత్రికలో శీర్షిక చూసి అది వచ్చేసిందనుకోవద్దని నా పాఠకులను కోరుతున్నాను.

2024లో కేంద్ర ప్రభుత్వం పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. కాటును తప్పక నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. 2023 నుండి మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్యకళాశాల నడుస్తున్నది. దివిసీమ, బందరు, బంటుమిల్లి, కృత్తివెన్ను రోగులకు అది అందుబాటులో ఉన్న పెద్ద దిక్కు. అక్కడి అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. పింజర కాటుతో వచ్చిన ప్రతి రోగి కేసు కాగితంలో కాటు వేళ, మొదటి సీసా వేళ, చేరినప్పటి నుండి మూడు రోజుల హెమటోక్రిట్, ఆల్బ్యుమిన్ నమోదు చేయించండి. వీలైతే కొద్దిపాటి సీరమ్‌ను శీతలీకరించి దాచండి. లోపొర నలిగినప్పుడు రక్తంలోకి రాలే సిండికాన్, థ్రాంబోమాడ్యులిన్ వంటి పదార్థాలను తరువాత హైదరాబాదు ప్రయోగశాలలలో కొలిపించవచ్చు. రెండు వర్షాకాలాలు చాలు. ఎన్ని గంటల ఆలస్యానికి ఎంత నాళస్రావమో మన డెల్టా లెక్క మనకు తెలుస్తుంది. ప్రసూతి విభాగం ప్రక్కనే ఉన్నది గనుక బొడ్డుతాళ్ళకూ కొరత లేదు.

అంతవరకు ఊడ్పులకు వెళ్ళే ఇళ్ళవారు చేయవలసినది: కరిచిన కాలిని విరిగిన ఎముకకు కట్టినట్లు చెక్కతో కదలకుండా కట్టి, నడిపించకుండా, 108కు ఫోన్ చేసి, విషవిరుగుడు ఉన్న ఆస్పత్రికి నేరుగా తీసుకొని వెళ్ళండి. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాటు వేసిన వేళను ఒక కాగితం మీద వ్రాసి డాక్టరుగారి చేతికివ్వండి. రక్తం గడ్డకట్టిందని చెప్పిన తరువాత కూడా, "హెమటోక్రిట్ ఎంత ఉన్నదండీ?" అని ఒకమాట అడగండి. ఆ రోజున ఆ ఇల్లాలు నన్ను అడిగినది నిజానికి అదే. ఆమెకు పేరు తెలియదు, అంతే.